పచ్చ కారు: గొంగడి మీద మాట

తొమ్మిదో భాగం

పోయిన వారం మైసయ్యను రామచంద్రం సేటు మిల్లు షెడ్డులో, చేతిలో సుత్తెతో, నల్ల కారు ముందు నిలబెట్టి వచ్చాం. ఏడు రోజులుగా పాపం అలాగే నిలబడి ఉన్నాడు. మీలో కొట్టమన్నవారూ ఉంటారు, వద్దన్నవారూ ఉంటారు. ఎవరి మాటా అతనికి వినబడే దారి లేదు కనుక జరిగింది చెప్పుకుందాం.

కొట్టాడు.

ఎందుకు కొట్టవలసి వచ్చిందో మరిచిపోయిన వారికి నాలుగు ముక్కలు. కల్వకుర్తిలో రామచంద్రం సేటుకు కిరాయికి తిరిగే కార్లు రెండు, నల్లదొకటి, బూడిద రంగుది ఒకటి. రెండింటి నంబర్లూ బీమా కంపెనీ కాగితంలో ఉన్నాయి. మూడోది, పచ్చ రంగుది, హైదరాబాదులో చవకగా దొరికింది గానీ అది ఇల్లు చేరిన వేళ మంచిది కాదు. శుక్ర మూఢం నడుస్తోంది. మూఢంలో కొత్త కాగితం మీద సంతకం పెట్టడం సేటు ఇంటా వంటా లేదు. పచ్చ కారును కూడా బీమాలో చేర్చమని కంపెనీకి రాయించిన ఉత్తరం, కుంకుమ బొట్టుతో సహా, కొట్లో లక్ష్మీదేవి పటం ముందు సంతకం లేకుండా పడి ఉంది. మూఢం వెళ్లేదాకా ఆ కారు షెడ్డు గడప దాటకూడదని సేటు గట్టిగా చెప్పాడు. ఇంకా పదకొండు రోజులుందనగా డ్రైవరు మైసయ్య దాటించాడు.

"బ్యాటరీ పడుకుంటదని తీసిన సేటూ" అని తరువాత చెప్పుకున్నాడు. బ్యాటరీకి రెండు మైళ్లు చాలు. ఇతను ఇరవై మైళ్లు పోయాడు. డిండి అవతల మలుపులో గొర్ల కాపరి కురుమయ్య మంద రోడ్డు దాటుతుంటే అతను ఏం చేశాడన్నది కట్టుకున్న లీలమ్మకు కూడా చెప్పలేదు. మనకూ చెప్పలేదు. కురుమయ్య కుడి కాలు మోకాలి కింద పోయింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మైసయ్య పారిపోలేదు. కురుమయ్యను రెండు చేతుల మీద ఎత్తుకుని వెనక సీట్లో పడుకోబెట్టి మహబూబ్‌నగర్ దవాఖానకు చేర్చాడు. అక్కడ పోలీసు జవాను కారు నంబరు అడిగితే అతని నోట నల్ల కారు నంబరు వచ్చింది. అలవాటున వచ్చిందో, భయాన వచ్చిందో అతనికే తెలియదు. ఎలాగూ వచ్చింది గదా అని సేటు దాన్నే పట్టుకున్నాడు.

"నిజం చెప్తె ఏమైతదిరా మైసా?" అని కూర్చోబెట్టి వివరించాడు సేటు. "పచ్చ కారు కాగితంల లేదు. కంపెనోళ్లు పైస ఇయ్యరు. ఇచ్చుకునేటంత నాకాడ లేదు, కోర్టుకు పోతె ఏండ్లు పడతది. నువ్వు జైలుకు పోతవ్. కురుమయ్య ఒంటికాలుతోని ఉత్తగ కూసుంటడు. అదే నల్ల కారంటె ముగ్గురం బతుకుతం. చెప్పు, ఏది పుణ్యం?"

అబద్ధంలో ఇంత ధర్మం ఉంటుందని మైసయ్య అంతవరకూ ఎరగడు. ఎరగడు గనుకనే నమ్మాడు. నమ్మక చేసేదేముంది, ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నల్ల కారు ఆరేళ్లుగా అతని చేతిలో ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు దాని నీడనే పడుకునేవాడు. మొదటి దెబ్బ చెయ్యి రాక జారిపోయింది, రంగు మాత్రం గీసుకుపోయింది. రెండో దెబ్బకు ముందు రేకు సొట్టపోయింది. మూడోదానికి దీపం అద్దం పగిలి కాళ్ల దగ్గర పడింది. అప్పుడు ఏడ్చాడు. మనిషి కాలు విరిచిన నాడు రాని ఏడుపు కారును కొడుతుంటే వచ్చిందేమిటని మరింత ఏడ్చాడు.

సోమవారం పొద్దున బస్సు దిగాడు బీమా కంపెనీ ఇన్‌స్పెక్టర్. బక్కపలచని మనిషి, గొడుగు, టిఫిను గిన్నె, తోలు సంచి. కోస్తా వైపు మనిషని మొదటి మాటలోనే తెలిసిపోయింది. సేటు పోసిన చాయ్ సగం తాగి, నల్ల కారు ముందు గొంతుక్కూర్చుని, సొట్ట అంచు వెంబడి వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"మనిషిని గుద్దితే ఇంత వాడిగా పడుతుందా?" అని తనలో తాను అనుకుంటున్నట్టే అన్నాడు.

సేటు గబుక్కున అందుకున్నాడు. "ఆయన చేతిల కర్ర ఉండె సారూ, కర్ర."

"కర్ర సంగతి నేను అడగలేదండీ."

దొంగకు తేలు కుట్టినట్టయింది సేటుకు. మైసయ్య తల వంచుకుని గుడ్డతో స్టీరింగు తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికి దాని మీద దుమ్ము లేదు.

"పదండి, దెబ్బ తిన్న మనిషిని చూసి వద్దాం" అన్నాడు ఇన్‌స్పెక్టర్. దెబ్బలు తిన్న కారులోనే ముగ్గురూ బయలుదేరారు. దారిలో ఆయన వెనక సీట్లోంచి మెల్లగా తన నియమం చెప్పాడు. "మా పత్రంలో మీవి రెండు కార్లున్నాయి. ఆ రెండింట్లో ఏది గుద్దినా కంపెనీ పరిహారం ఇస్తుంది. వేరే కారైతే ఒక్క కానీ ఇవ్వదు. నాకు తెలియవలసింది అదొక్కటే." సేటు అవునవునంటూ నాలుగుసార్లు తలూపాడు. అన్నిసార్లు అక్కరలేదని మైసయ్యకు అనిపించింది.

కురుమయ్య ఇల్లు డిండి అవతలి ఊరి చివర, గొర్ల దొడ్డికి ఆనుకుని ఉంది. మైసయ్యకు ఆ దారి కొత్త కాదు. దవాఖాన నుంచి కురుమయ్య ఇల్లు చేరినప్పటి నుంచి వారం వారం వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ కురుమయ్య "వచ్చినవా బిడ్డా" అంటాడు, అతని భార్య బీరమ్మ మజ్జిగ పోస్తుంది. మరో రెండు నెలల్లో మందను అమ్రాబాద్ అడవి మేతకు తోలాలి. ఎవరు తోలుతారో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆ మజ్జిగ గొంతు దిగేటప్పుడు మైసయ్యకు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. పోయిన వారం సేటు తన మనిషిని పంపి "పచ్చ కారంటే పైస రాదు, నల్ల కారని ఒక్క మాట చెప్పండి, చాలు" అని చెప్పించాడు. బీరమ్మ అవుననలేదు, కాదనలేదు.

వాకిట్లో కులపెద్ద గుర్వయ్య ముందే వచ్చి కూర్చున్నాడు. మరో పదిమంది గోడ వారగా నిలబడ్డారు. కురుమయ్య మంచం మీద ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ మంచం పక్కన పీట వేయించుకోబోతే గుర్వయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంచం మీంచి చెప్పేది ముచ్చట సారూ. సాక్ష్యమైతె మా తాన గొంగడి మీద కూసోని చెప్పాలె."

నేల మీద నల్ల గొంగడి పరిచి ఉంది. గుర్వయ్య దాని మీద ఒక చివర కూర్చున్నాడు. కురుమయ్య లేవబోయి లేవలేకపోతే మైసయ్య పరుగున వెళ్లి ఎత్తుకున్నాడు. ఆ దినం ఎత్తినప్పటి బరువులో సగం కూడా లేడు. గొంగడి మీద దింపుతుంటే కురుమయ్య అతని మెడ చుట్టూ చెయ్యి వేసి "జర నిమ్మలం బిడ్డా" అన్నాడు. మైసయ్యకు భూమిలోకి పోవాలనిపించింది.

ఇన్‌స్పెక్టర్ కాగితాలు తీశాడు. "కురుమయ్యా, బయట ఉన్న కారు చూశావు గదా. నిన్ను గుద్దింది అదేనా?"

కురుమయ్య కారును చూడలేదు. చూడవలసిన అవసరం లేనట్టు చెప్పాడు. "అది గాదు సారూ."

సేటు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గాడు.

"ఆ నల్ల కారు నాకెరుకే" అన్నాడు కురుమయ్య. "ఆరేండ్ల సంది గీ తొవ్వల తిరుగుతాంది. దాని హారన్ ముసలోడు దగ్గినట్టుంటది. నా గొర్లకు గూడ ఎరుకే. అది వస్తె అవ్వే పక్కకు జరుగుతయి. ఆ దినం వచ్చింది పచ్చ కారు. దాని హారన్ రెండు గొంతులతోని మొత్తుకున్నది. ఒక్కపారి గాదు, నాలుగైదు పార్లు. మంద బెదిరి ఎటువడితె అటు ఉరికింది. పిల్లతల్లి ఒకటి రోడ్డు మీద నిలవడ్డది. దాన్ని గుంజవోయి నేను దొరికిన."

ఇదిగో, మైసయ్య ఎవరికీ చెప్పనిది ఇదే. కొత్త కారు హారన్ అతనికి ముచ్చటగా ఉంది. మంద కనబడగానే తోవ కోసం ఒకసారి నొక్కాడు, అది న్యాయమే. రెండోసారి నొక్కింది ఆ చప్పుడు బాగుందని. ఆ తరువాత నొక్కినవన్నీ, గొర్లు గంతులేస్తుంటే నవ్వొచ్చి. కురుమయ్య కారు కింద పడేసరికి అతని మొహం మీద ఆ నవ్వు ఇంకా ఉంది. నెలన్నరగా ఆ నవ్వే అతన్ని తింటోంది. ఎవరూ చూడలేదనుకున్నాడు. చూడకపోవచ్చు. చెవులతో విన్న మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు, విన్నది విన్నట్టు చెప్పి అతన్ని ఒక్క మాట అనకుండా.

ఇన్‌స్పెక్టర్ లేచి బయటికి నడిచాడు. నల్ల కారు తలుపు తీసి, హారన్ మూడుసార్లు నొక్కాడు. అచ్చం ముసలాయన దగ్గే. దొడ్డిలో ఒక్క గొర్రె తలెత్తలేదు. మేసే మేత మేస్తూనే ఉన్నాయి. గోడ వారనున్న వాళ్లలో ఎవరో నవ్వారు. ఆయన తిరిగి వచ్చి పీట మీద కూర్చుని, కాసేపు కురుమయ్య పంచె కింద కాలు ఉండవలసిన చోట చూశాడు.

"గొర్రెల సాక్ష్యం రాసుకునే గడి మా కాగితంలో లేదు" అన్నాడు. గొంతు తగ్గించాడు. "చూడు పెద్దాయనా, పచ్చ కారైతే నీకు ఏమీ రాదు. తెలుసా?"

"ఎరుకే సారూ. సేటు మనిషొచ్చి చెప్పిండు."

"మరి?"

"గొంగడి మీద కూసున్న గద."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కాగితాలు మూసుకుని బస్సెక్కేవాడు, మన కథ ఇంత చిక్కుపడేది కాదు. మంచివాడు గనుక మైసయ్య వైపు తిరిగి, దారి చూపించాడు.

"బాబూ, నడిపింది నువ్వు. ఆ వేళ ఈయనకు పెద్ద దెబ్బ తగిలింది. స్పృహ సరిగా ఉండకపోవచ్చు. రంగు పోల్చుకోలేక పొరబడి ఉండవచ్చు. అంతేనా? నీ మాట రాసుకుంటే నాకు చాలు."

తిలా పాపం తలా పిడికెడు. సేటు మూఢమని ఆగాడు, మైసయ్య నవ్వాడు, ఇప్పుడు ఈ పరాయి మనిషి జాలిపడుతున్నాడు. వాకిట్లో పాపం లేనివాడు ఒక్కడే, అతనే కాలు లేనివాడు.

అందరి కళ్లూ మైసయ్య మీద పడ్డాయి. కురుమయ్య కూడా చూశాడు. "చెప్పు బిడ్డా" అన్నాడు. "నన్ను ఇడిచిపెట్టి పోనోనివి. నువ్వు అబద్ధమాడవ్."

ఆ మాటతో మైసయ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. కాళ్ల మీద పడి అంతా చెప్పేద్దామనిపించింది. కానీ చెబితే ఈ మనిషికి గంజి నీళ్లు ఎవరు పోస్తారు? నేను తీసుకున్న కాలు తెచ్చి ఇవ్వలేను, బతుకైనా ఇవ్వనీ అనుకున్నాడు. ఆ ఆలోచన వెనకే జైలు గోడ కూడా కనబడింది. ఏది ముందు కనబడిందని అడిగితే అతను జవాబు చెప్పలేడు. చెప్పలేకపోవడమే అతనికి శిక్ష.

"కాకకు ఆ దినం సోయి లేకుండె సారూ" అన్నాడు నేల చూస్తూ. "గుద్దింది నల్ల కారే. కాక చెప్పేది నిజం గాదు."

ఇన్‌స్పెక్టర్ కలం గరగర రాసింది. సేటు పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. మైసయ్య సంతకం పెట్టాడు. అయిపోయింది, కాక బతుకు నిలబడ్డది అనుకుని తలెత్తాడు.

గుర్వయ్య గొంగడి మీంచి లేచి నిలబడి ఉన్నాడు.  ముప్పై ఏళ్ల స్నేహితుడి వైపు చూడకుండా అన్నాడు. "కురుమయ్యా, జరుగు."

కురుమయ్యకు అర్థమైంది. రెండు చేతులూ నేలకు ఆనించి, ఉన్న ఒక్క కాలితో తన్నుకుంటూ, జానెడు జానెడుగా గొంగడి మీంచి మట్టి నేల మీదికి జరిగాడు. మైసయ్య ఎత్తడానికి ఉరికాడు.

"ముట్టకు" అన్నాడు కురుమయ్య.

గుర్వయ్య గొంగడి దులిపి, మడిచి భుజాన వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఏమిటిదని అడిగాడు.

"గొంగడి మీద చెప్పిన మాట అబద్ధమని పదిమందిల పడ్డది సారూ. గట్ల పడినోడు మల్ల గొంగడెక్కరాదు. మావోళ్ల పెండ్లిల గానీ సావుల గానీ ఆయన మాట చెల్లది. మా దేవుడు బీరప్ప పండుగకు ఆయన చేతి గొర్రెను పట్టరు."

"గదేందయ్యా, ఆయనకు పైసలొస్తయి గద!" అన్నాడు సేటు.

"రానీ" అని గుర్వయ్య వాకిలి దాటాడు. గోడ వారనున్న పదిమందీ ఒక్కొక్కరే అతని వెంట వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు ఎవరూ కురుమయ్యకు చెప్పి వెళ్లలేదు.

 ఈ కట్టుబాటు మైసయ్యకు తెలియదు. తెలియదంటే తప్పు తగ్గదు. అన్నం పెడుతున్నాననుకుని ఆ మనిషి నోట్లో మన్ను కొట్టాడు. కాలు పోయిన నాడు కూడా కురుమయ్య మొహం ఇలా లేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, సంచి మూయకుండా, ఎవరినీ చూడకుండా అన్నాడు. "రేపు పొద్దున మొదటి బస్సుకు వెళతాను. అప్పటిదాకా కల్వకుర్తి బంగళాలో ఉంటాను. ఎవరైనా మాట మార్చుకోదలిస్తే రావచ్చు." తరువాత వేపచెట్టు నీడన కూర్చుని టిఫిను తెరిచాడు గానీ రెండు ముద్దలకు మించి తినలేకపోయాడు.

బండిలో నీళ్లు పోసుకోవాలన్న సాకు మీద మైసయ్య దొడ్డి వెనక్కి వెళ్లాడు. అక్కడ బీరమ్మ కడవతో నిలబడి ఉంది. ఆమె ఏడవలేదు. కడవ దించి, కొంగు ముడి విప్పి, అరచేతిలో పెట్టి చూపింది. పచ్చ రంగు రేకు ముక్క. దాని చీలిన అంచుకు కురుమయ్య పంచె పోగులు ఇంకా చిక్కుకుని ఉన్నాయి.

"ఆ దినమే రోడ్డు మీద దొరికింది" అంది. "తీసి దాసిన."

"మరి ఇందాక ఎందుకు తియ్యలేదు చిన్నమ్మా?"

"నేను తీస్తె నిన్ను జైల్లేస్తరు. నిన్ను ఆయన బిడ్డ అన్నడు గద పిలగా. నువ్వే నిజం చెప్తవనుకున్న." ముక్కను మళ్లీ కొంగున ముడేసింది. "పైసలు లేకుంటె నేను కూలికి పోత. ఆయన ఒంటికాలుతోని బతుకుతడు. అబద్ధపోడన్న పేరుతోని బతకడు. నాకెరుకే, నలబై ఏండ్ల కాపురం."

మైసయ్య కారు వైపు తిరగబోతే ఆమె ఆపింది.

"ఆ సారు రేపు పొద్దుగాల బస్సెక్కుతడట. ఇప్పుడు నడక మొదలుపెడితె నేను అప్పటికి అందుకుంట. నువ్వు కారుల పోతున్నవ్, నాకన్న ముందు చేరతవ్. నేను వచ్చేలోపు నువ్వు చెప్తె నాతోని పని లేదు. చెప్పకుంటె నేను చెప్పుడే." చెంబుతో నీళ్లు అందించింది. "పో. బండిల పోసుకో."

మైసయ్య నీళ్లు పోశాడు. సగం కింద పోయాయి. వేడెక్కిన ఇంజను చల్లారి కారు కదలడానికి గంట పైనే పట్టింది. కురుమయ్య ఇంకా మట్టిలోనే కూర్చుని ఉన్నాడు, మంచం ఎక్కించబోయిన సేటు చేతిని కూడా తోసేశాడు.

డిండి వాగు దాటి రెండు మైళ్లు వచ్చేసరికి రోడ్డు అంచున బీరమ్మ కనబడింది. చెప్పులు లేవు. మిట్టమధ్యాహ్నం ఎండలో, తల మీద కొంగుతో, తల తిప్పకుండా నడుస్తోంది. మైసయ్య చూడనట్టే దాటించబోయాడు. 

"ఆవిడ ఆ కురుమయ్య భార్య కదూ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి. "ఇంత ఎండలో ఎక్కడికి? ఆపవయ్యా, ఎక్కించుకుందాం."

"ఎందుకులెండి సారూ, పక్క ఊరికి పోతుండొచ్చు" అన్నాడు సేటు.

"ఆపమన్నాను."

మైసయ్య ఆపాడు. బీరమ్మ నడిచి వచ్చి తలుపు దగ్గర ఆగింది. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. ఇన్‌స్పెక్టర్ పక్కకు జరిగి, తలుపు తెరిచి, "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని అడిగాడు.

ఆమె ఎక్కలేదు. ఎడమ చేత్తో కొంగు ముడి పట్టుకుని, ఇన్‌స్పెక్టర్‌ను గానీ సేటును గానీ చూడకుండా, ముందు సీట్లో తల వంచుకున్న మైసయ్య వీపు వైపు చూస్తూ అంది.

"మైసయ్యనడుగు సారూ. ఎక్కడికో ఆయన చెప్తడు."